టీకొట్టులో చాపెల్ పంచాయితీ

ఉద్దానంలో తెల్లారడమంటే ముందు కొబ్బరి మట్టల చప్పుడు. ఆ వెంటనే ఆర్మీ సెలక్షన్ల కోసం రోడ్డు మీద పరుగులు తీసే కుర్రాళ్ల అడుగుల చప్పుడు. అవి రెండూ సద్దుమణిగాక టీకొట్టు సందడి మొదలవుతుంది.

వజ్రపుకొత్తూరులో ఆ కొట్టుకు బోర్డు లేదు. రెండు బల్లలు, ఒక పొయ్యి, గాజు సీసాల్లో బిస్కెట్లు. పలాస వెళ్లే ఆటోలు అక్కడ ఆగుతాయి. పేపరు ముందుగా అక్కడికే వస్తుంది. రాజకీయాల పేజీ ఒకరి చేతిలో, సినిమా పేజీ మరొకరి చేతిలో ఉంటే, ఆటల పేజీ మాత్రం నలుగురి మధ్యా బల్ల మీదే ఉంటుంది.

ఇండియా ఎక్కడ ఓడినా ఆ రోజు కొట్టులో టీ రెండు రౌండ్లు. మొదటి గ్లాసు అయ్యేదాకా నిన్నటి మ్యాచ్ గురించే. రెండో గ్లాసు చేతిలోకి వచ్చేసరికి చర్చ ఎలా తిరిగినా ఒకే పేరు దగ్గరికి చేరుతుంది. గ్రెగ్ చాపెల్!

ఆయన భారత జట్టు కోచ్ పదవి వదిలింది 2007 ఏప్రిల్‌లో. ఆ తరువాత ఎంతమంది కోచ్‌లు వచ్చారు, ఎన్ని కప్పులు వచ్చాయి! అయినా ఈ బల్ల మీద ఆ కేసు మాత్రం కొట్టేయలేదు. వాయిదాల మీద వాయిదాలు.

వాదించేవాళ్లు నలుగురు. జీడిపిక్కలు కొని పలాస ఫ్యాక్టరీలకు వేసే వ్యాపారి ఒకరు. సైన్యంలో పనిచేసి వచ్చిన జవాను ఒకరు. గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద ఏళ్ల తరబడి వేటకెళ్లి, మోకాళ్లు అరిగాక ఇల్లు చేరిన మత్స్యకారుడు ఒకరు. నాలుగో ఆయన హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన మేస్టారు. తీర్పు ఎప్పుడూ ఆయనదే.

ఆ రోజు మాత్రం బల్ల చివర అయిదో మనిషి కూడా ఉన్నాడు. మేస్టారి పాత శిష్యుడు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తా. సాయంత్రాలు ఊళ్లో పిల్లలకు కబడ్డీ నేర్పుతుంటాడు. ఏదో అడగాలని వచ్చాడు. అడగలేక టీ తాగుతున్నాడు.

నిద్ర లేని రాత్రులు

2007 వరల్డ్ కప్ వెస్టిండీస్‌లో జరిగింది. అక్కడ పొద్దున మొదలయ్యే ఆట ఇక్కడ రాత్రి ఏడింటికి మొదలు. తెల్లవారుజాము దాకా టీవీల ముందే జాగారం. మార్చి 17, శనివారం. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో బంగ్లాదేశ్‌తో మ్యాచ్. గంగూలీ 66 పరుగులు చేసినా జట్టు 191కే ఆలౌట్. తమీమ్, ముష్ఫికర్, షకీబ్... అప్పటికి మనవాళ్లకు పెద్దగా తెలియని కుర్రాళ్లు ముగ్గురూ అర్ధ సెంచరీలు కొట్టారు. అయిదు వికెట్ల తేడాతో ఇండియా ఓడింది. రెండు రోజుల తరువాత బెర్ముడా మీద 413 పరుగులు చేసినా ప్రయోజనం లేకపోయింది. మార్చి 23న శ్రీలంక చేతిలో 69 పరుగుల ఓటమి. లీగ్ దశలోనే ఇంటిదారి!

రాంచీలో కట్టుకుంటున్న ధోనీ ఇంటి మీద అభిమానులు దాడి చేశారు. కోచ్ చాపెల్ ఏప్రిల్ 4న తప్పుకొన్నాడు. దోషి దొరికాడని దేశమంతా అనుకుంది.

"ఇంకేటి బావా! ఆడొచ్చాకే జట్టు పాడయ్యింది. పరాయి దేశపోడికి మన గుంటల మనసేటి తెలుస్తాది?" వ్యాపారి ఎప్పుడూ ఇక్కడే మొదలుపెడతాడు.

జవాను ఒప్పుకోడు. "మరి చాపెల్‌కి ముందు జాన్ రైట్ ఎవడు? న్యూజిలాండోడు కాడేటి? 2003లో ఫైనల్ దాకా ఎల్లలేదా? తరవాత వచ్చిన గ్యారీ కిర్‌స్టెన్ దక్షిణాఫ్రికావోడు. 2011లో కప్పు తేలేదా?"

నిజమే. మనవాడైతే గొడవ ఉండదన్నదీ తేలిన మాట కాదు. అనిల్ కుంబ్లేకి మించిన మనవాడు ఎవరు? 2016 జూన్‌లో కోచ్ అయ్యాడు. ఆయన హయాంలో ఇండియా 17 టెస్టులు ఆడి 12 గెలిచింది, ఒక్కటే ఓడింది. 2017 జూన్ 18న చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో పాకిస్తాన్ చేతిలో ఓడిన రెండు రోజులకే రాజీనామా చేశాడు. తన పనితీరు మీద కెప్టెన్‌కు అభ్యంతరాలున్నాయని తెలిసిందనీ, ఇక కలిసి సాగడం కుదరదనీ ఆయనే ప్రకటించాడు. కన్నడ దేశపు మనిషి, 600కు పైగా టెస్టు వికెట్లు తీసిన మనిషి ఏడాదికే వెళ్లిపోయాడు. కాబట్టి పాస్‌పోర్టు మీద నేరం మోపడం కుదరదు.

లెక్కలు వేరే చెబుతాయి

అసలు చాపెల్ ఓడాడా? జవాను దగ్గర దీనికీ లెక్కలున్నాయి. 2005 మే నెలలో బాధ్యత తీసుకున్నాక జట్టు ఊరికే కూర్చోలేదు. ఆ ఏడాది శ్రీలంకను వన్డేల్లో 6-1తో, మరుసటి ఏడాది పాకిస్తాన్‌ను వాళ్ల గడ్డ మీద 4-1తో, ఇంగ్లండ్‌ను 5-1తో ఓడించింది. వన్డేల్లో లక్ష్యాన్ని ఛేదిస్తూ వరసగా 17 మ్యాచ్‌లు గెలిచింది. అప్పటికది ప్రపంచ రికార్డు. 2006లో వెస్టిండీస్‌లో టెస్టు సిరీస్ నెగ్గింది. అక్కడ 1971 తరువాత మళ్లీ అదే. ఆ డిసెంబరులో జొహన్నెస్‌బర్గ్‌లో దక్షిణాఫ్రికా గడ్డ మీద తొలి టెస్టు విజయం కూడా ఆయన కాలంలోనే.

ఉత్తరాంధ్ర వాళ్లకు ఇంకో గుర్తూ ఉంది. చాపెల్ మొదటి సిరీస్‌లోనే, 2005 జులై 30న దంబుల్లాలో ఇద్దరు కుర్రాళ్లు తొలి వన్డే ఆడారు. ఒకరు సురేశ్ రైనా. రెండోవాడు మన గాజువాక వేణుగోపాలరావు. విశాఖ కుర్రాడు ఇండియా చొక్కా వేసుకున్నాడని పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా సంబరపడ్డారు. వేణు 16 వన్డేలు ఆడాడు. 2006 మే తరువాత మళ్లీ పిలుపు రాలేదు. రైనా ఆగి, నిలదొక్కుకొని 2011 కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు.

"కుర్రోళ్లని తెచ్చాడు, సరే. తెచ్చి నిలబెట్టేడా? ఇర్ఫాన్ పఠాన్‌ని బ్యాటింగ్‌లో ముందుకి తోసి బౌలింగ్ పాడుచేసింది ఎవలు?" వ్యాపారి వదల్లేదు.

ఇది దేశమంతా నమ్మిన మాట. కానీ పఠానే 2020లో దీనికి సమాధానం చెప్పాడు. తనను మూడో స్థానంలో పంపాలన్న ఆలోచన సచిన్‌దని, తన కెరీర్‌ను చాపెల్ పాడుచేశాడనడం సరికాదని తేల్చేశాడు. పదిహేనేళ్ల పాటు ఊరూరా బల్లల మీద వేసిన శిక్ష అలా ఒక్క మాటతో చెల్లకుండా పోయింది!

జవాను టీ గ్లాసు దించి నెమ్మదిగా అన్నాడు. "మనకి తెలీదేటి బావా? కిడ్నీ జబ్బు ఎందుకొస్తందో ఎన్ని మాటలు విన్నాం? నీళ్లన్నారు, మందులన్నారు, ఎండలో పనన్నారు. ఒక్కటే కారణమని ఇప్పటికీ ఎవులూ తేల్చలేదు."

బల్ల దగ్గర ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. ఉద్దానంలో ఆ జబ్బు తగలని వీధి తక్కువ. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వైద్యం దగ్గరికి వచ్చింది గానీ, కారణాల వెతుకులాట ఆగలేదు. కష్టం వచ్చినప్పుడు ఒక్క దోషిని చూపిస్తే మనసుకు తేలిక. కానీ జబ్బు నయమవడం వేరు, మనసు తేలికపడటం వేరు.

బయటపడ్డ ఉత్తరం

మరి చాపెల్ జబ్బు ఎక్కడ మొదలైంది? ఎక్కువమంది చూపించేది 2005 సెప్టెంబరు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. చాపెల్‌ను కోరుకున్నది గంగూలీయే. 2003 చివర్లో ఆస్ట్రేలియా పర్యటనకు ముందు ఆయన దగ్గరికి వెళ్లి మెలకువలు నేర్చుకున్నాడు. బ్రిస్బేన్‌లో 144 పరుగులు చేశాడు. కోచ్ ఎంపికలో ఆయనకే మొగ్గు చూపాడు. తీరా జింబాబ్వే పర్యటనలో కెప్టెన్సీ వదులుకోమని కోచ్ అన్నాడన్న సంగతి గంగూలీ నోటి వెంట బయటికొచ్చింది. ఆ వెంటనే గంగూలీని తప్పుపడుతూ చాపెల్ బోర్డుకు పంపిన ఈ-మెయిల్ పత్రికలకెక్కింది. సిరీస్ 2-0తో గెలిచారు. గెలిచిన సంగతి ఎవరికీ గుర్తులేదు. ఉత్తరం గుర్తుంది.

అక్టోబరుకల్లా వన్డే పగ్గాలు ద్రవిడ్‌కు వెళ్లాయి. గంగూలీ జట్టుకు దూరమై 2006 డిసెంబరులో మళ్లీ వచ్చాడు. ఈ మధ్యలో డ్రెస్సింగ్ రూంలో ఏ మాట అన్నా రేపు పేపర్లో వస్తుందేమోనన్న భయం పట్టుకుంది. వరల్డ్ కప్ పోయాక, తమ నిబద్ధతనే కోచ్ శంకించడం బాధించిందని సచిన్ అంతటివాడు బయటికి వచ్చి చెప్పాడు. మన హైదరాబాదీ లక్ష్మణ్ 2018లో వచ్చిన ఆత్మకథలో చాపెల్ మొండి పట్టుదలను గట్టిగానే విమర్శించాడు. చాపెల్ కూడా 2011లో వచ్చిన తన పుస్తకంలో, రెండో ఏడాది తొందరపడ్డాననీ సీనియర్లతో సరిగా మాట్లాడలేకపోయాననీ ఒప్పుకున్నాడు.

ఆయన చెప్పిన వైద్యం తప్పా అంటే అదీ కాదు. కుర్రాళ్లు కావాలి, మైదానంలో చురుకుదనం కావాలి, పేరు చూసి చోటివ్వకూడదు... ఇవే కదా ఆయన మాటలు? 2007 సెప్టెంబరులో సచిన్, ద్రవిడ్, గంగూలీ లేకుండా ధోనీ నాయకత్వంలో వెళ్లిన కుర్ర జట్టే టీ20 ప్రపంచకప్ గెలిచింది. వరల్డ్ కప్ ఓటమికి ఆరు నెలల తరువాత! అదే మందు. ఇచ్చిన చేయి వేరు.

అప్పటిదాకా వింటున్న మత్స్యకారుడు గొంతు సవరించుకున్నాడు. "బోటు మీద తండేలు తిడతాడు. అమ్మనీ అబ్బనీ తిడతాడు. ఏటీ అనుకోం. గాలీ వానా వచ్చినప్పుడు ఆడి మాటే మాకు దిక్కు. అదే తండేలు ఒడ్డుకొచ్చి పదిమందిలో 'ఈడు వల లాగడం రానోడు' అన్నాడనుకో... మరుసటేడు ఆ బోటెక్కడానికి మనిసి దొరకడు. నీటి మీద మాట నీటి మీదే ఉండాల."

కొట్టాయన పొయ్యి మంట తగ్గించాడు. తీర్పు కోసం అందరూ మేస్టారి వైపు చూశారు.

పది గోల్స్ తిన్న తరువాత

మేస్టారు చాపెల్ సంగతి ఎత్తలేదు. హైదరాబాద్ రహీం గారి గురించి చెప్పారు. సయ్యద్ అబ్దుల్ రహీం, ఆయనా మేస్టారే. బడిలో పాఠాలు చెప్పి భారత ఫుట్‌బాల్ కోచ్ అయిన మనిషి. 1951 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడారు. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు.

"పది గోల్స్! ఇప్పుడైతే టీవీల వాళ్లు ఆ రాత్రే ఇంటికి పంపేస్తారు. అప్పుడు పంపలేదు. నాలుగేళ్లకి మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ బంగారం. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు."

"అంటే చాపెల్‌కి ఇంకా టైమివ్వాల్సిందంటారా మేస్టారూ?" జవాను అడిగాడు.

"టైమొక్కటే కాదు. పది గోల్స్ తిన్నాక కూడా పిల్లలు ఆయన వెనకే నడిచారు చూడు, అది. బోర్డు టైమిస్తుంది. ఆ నడవడం మాత్రం పిల్లలే ఇవ్వాలి."

అప్పుడు నోరు విప్పాడు బల్ల చివరి శిష్యుడు. "మేస్టారూ... ఒక మాట అడగాల. మన టీంలో ఒక గుంటడున్నాడు. కూతకెళ్తే పాయింటు లేకుండా రాడు. కానీ పట్టుకి రాడు, ప్రాక్టీసుకి టైముకి రాడు. ఆడిని చూసి మిగతా పిల్లలూ పాడవుతున్నారు. రేపు అందరి ముందూ నిలబెట్టి తీసేద్దామనుకుంటన్నాను. మీరేటంటారు?"

మేస్టారు జవాబివ్వలేదు. గ్లాసులో టీ చల్లారిపోయింది.

మేస్టారి మౌనం

ఆ మౌనం సంగతి బల్ల మీద ఇద్దరికే తెలుసు. పాతికేళ్ల కిందట స్కూల్ గ్రౌండులో జరిగింది. అప్పట్లో మేస్టారు ఒక శిక్షణ శిబిరానికి వెళ్లొచ్చారు. కొత్త పద్ధతులు తెచ్చారు. ప్రతివాడూ కూతకీ వెళ్లాలి, పట్టుకీ రావాలి అన్నారు. జట్టులో ఒక పదిహేనేళ్ల కుర్రాడు కూతకు పెట్టింది పేరు. వాడిని కార్నర్‌లో నిలబెట్టారు. వాడికి అది కుదరలేదు. మోకాలు నొప్పని రెండు రోజులు రాలేదు. మూడో రోజు ప్రేయర్ దగ్గర, బడి మొత్తం ముందు మేస్టారు అన్న మాట ఒక్కటే. "వీడికి ఆట మీద శ్రద్ధ లేదు. జట్టుకి పనికిరాడు."

టెక్కలిలో జరిగిన పోటీల్లో జట్టు మొదటి ఆటలోనే ఓడింది. ఆపైన ఒక్కొక్కరే సాయంత్రాలు రావడం మానేశారు. రెండు నెలలకు గ్రౌండులో గీసిన సున్నపు గీతలు వానకు చెరిగిపోయాయి. మళ్లీ గీసే పని పడలేదు. ఊళ్లో అందరూ ఆ కుర్రాడినే తప్పుపట్టారు. పొగరన్నారు. వాడు ఏమీ అనలేదు. మేస్టారూ ఏమీ అనలేదు.

ఆ కుర్రాడే ఇప్పుడు బల్ల చివర కూర్చున్నది.

"నీ మోకాలు నిజంగానే నొప్పెట్టిందేట్రా అప్పుడు?" మేస్టారు ఎట్టకేలకు అడిగారు.

"వాచిపోయింది మేస్టారూ. నడవలేకపోయేవోణ్ని."

"నాకు చెప్పలేదేం?"

శిష్యుడు తల దించుకున్నాడు. "చెప్తే నమ్మరనుకున్నాను."

మేస్టారు చాలాసేపు రోడ్డు వైపు చూశారు. పలాస ఆటో వచ్చి ఆగింది, వెళ్లిపోయింది. "నేను చెప్పిన ఆట తప్పు కాదురా. ఇవాళ టీవీలో పెద్ద జట్లన్నీ ఆడేది అదే ఆట. అందుకే ఇన్నాళ్లూ నేను ఓడానని అనుకోలేదు. కాలు వాచిందని కోచ్‌కి చెప్పడానికి పిల్లాడు భయపడ్డాడంటే, ఆ రోజే నా పని అయిపోయింది. టెక్కలి దాకా వెళ్లక్కర్లేదు."

వ్యాపారి ఏదో అనబోయి మానేశాడు. చాపెల్ ఎందుకు ఓడాడన్న ప్రశ్న ఆ పూట ఎవరూ మళ్లీ ఎత్తలేదు. పరాయి దేశం వాడనీ, గంగూలీతో పడలేదనీ, బోర్డు మోసం చేసిందనీ, సీనియర్లు సహకరించలేదనీ చెప్పుకొన్నవన్నీ తలా కాస్త నిజమే కావచ్చు. కానీ వాటన్నింటికీ ముందు ఒక చోట ఆటగాడు తన మనసులో మాట కోచ్‌కు చెప్పడం మానేసి ఉంటాడు. ఆ తేదీ ఏ స్కోరు బుక్కులోనూ ఉండదు. ఉత్తరాలు పత్రికలకు ఎక్కేది, కప్పులు పోయేది ఆ తరువాతే.

ఇది కోచ్‌లకే పరిమితమైన సంగతీ కాదు. మార్కులు తగ్గాయని చుట్టాల ముందు పిల్లాడిని నిలదీసే తండ్రి, కూర బాగోలేదని పదిమందిలో కోడలిని అనే అత్తగారు చెప్పే మాటలో నిజం ఉండొచ్చు. ఆ నిజం ఇంటి గడప దాటిన క్షణంలోనే దాని విలువ పోతుంది.

"మరి ఆ గుంటడి సంగతేటి మేస్టారూ? ఒగ్గీమంటారా?" శిష్యుడు లేస్తూ అడిగాడు.

"వదిలేయమనలేదు. టైముకి రావాల్సిందే, పట్టుకీ రావాల్సిందే. తియ్యాల్సి వస్తే తియ్యి. కానీ ముందు పక్కకి పిలిచి, ఎందుకు ఆలస్యమవుతోందో అడుగు. అడిగి, వాడు చెప్పేదాకా ఆగు. నేను ఆగలేదు."

మర్నాటి సాయంత్రం గ్రౌండులో సున్నం గీతలు కొత్తగా మెరుస్తున్నాయి. పిల్లలు ఒళ్లు వేడెక్కేలా చుట్టూ పరుగులు పెడుతున్నారు. ఆ కుర్రాడు ఎప్పటిలాగే పావుగంట ఆలస్యంగా వచ్చాడు. శిష్యుడు విజిల్ ఊదలేదు. వాడి భుజం మీద చేయి వేసి కొబ్బరిచెట్ల వైపు నడిపించుకు వెళ్లాడు. ఇద్దరూ ఒక దుంగ మీద కూర్చున్నారు. కుర్రాడు చాలాసేపు నేలకేసి చూస్తూ ఉండిపోయాడు. తరువాత ఏదో చెప్పడం మొదలుపెట్టాడు.

గట్టు మీద కూర్చున్న మేస్టారికి ఆ మాటలు వినపడలేదు. ఆయన వినాలనీ అనుకోలేదు.